కందకం ఆగిన చోట

కొత్తగా గన్‌మన్ డ్యూటీ పడిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు తిరుపతిలో మా ఇంటికి వస్తుంటారు. నాయకుల దగ్గర ఎట్లా మసలుకోవాలో చెప్పమంటారు. నేను చెప్పేది పెద్దగా ఉండదు. బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కోండి, నిలబడి నిలబడి సాయంత్రానికి కాళ్ళు వాస్తాయి. పెళ్ళిళ్ళలో భోజనానికి ఎవరో పిలుస్తారని చూడకండి, నాయకుడు చెయ్యి కడుక్కున్నాడంటే మీ భోజనం కూడా అయిపోయినట్టే. కార్లో విన్నది కార్లోనే వదిలేసి దిగండి. ఇంతే నా విద్య. అది విన్నాక వాళ్ళు తప్పకుండా ఒక మాట అడుగుతారు.

"ఇంతమంది దగ్గర చేసినావు గదన్నా, వాళ్ళల్లో గొప్పోళ్ళెవురు?"

మనుషుల గొప్పతనం తేల్చడం నా వల్ల అయ్యే పని కాదు. వెనక నిలబడేవాడికి నాయకుడి వీపు కనబడినంతగా మొహం కనబడదు. కానీ ఒక ఎమ్మెల్యే దగ్గర పనిచేసినప్పుడు ఒక పగలంతా ఏం జరిగిందో చూశాను. ఆ పగటి గురించి మాత్రం చెబుతాను.

ఆమె నియోజకవర్గం చిత్తూరుకు పడమర, అడవిని ఆనుకుని ఉండేది. పుట్టింది కార్వేటినగరంలో. అడవి అంచు పల్లెకు కోడలిగా వచ్చింది. భర్త బస్సు డ్రైవరు. ఆయన చిన్న వయసులోనే పోతే, ఆ ఉద్యోగానికి బదులుగా ఈమెకు కండక్టర్ పని ఇచ్చారు. అడవి పల్లెలకు పోయే బస్సు నష్టాల్లో నడుస్తోందని డిపోవాళ్ళు ఆపేసినప్పుడు, ఆ ఊళ్ళ ఆడవాళ్ళను కూడగట్టుకుని వచ్చి డిపో గేటుకు అడ్డంగా కూర్చుంది. ఉద్యోగం పోయింది. బస్సు మాత్రం తిరిగింది. కొన్నేళ్ళ తర్వాత పార్టీలో ఇద్దరు పెద్దమనుషులు టికెట్ కోసం కొట్లాడుకుంటుంటే, ఎవరికిచ్చినా రెండోవాళ్ళు ఓడిస్తారన్న భయంతో పైవాళ్ళు ఈమెకిచ్చారు. ఓడిపోయేదానికే ఇచ్చారని అందరూ అనుకున్నారు. ఆమె గెలిచి కూర్చుంది.

మొదటి రోజు నేను సెల్యూట్ కొట్టి నిలబడితే, నన్ను పైనుంచి కిందికి చూసి ఒకటే మాట చెప్పింది.

"జనం నా కాడికి వచ్చేటప్పుడు నువ్వు అడ్డం నిలబడొద్దప్పా. బస్సులో ఇంతకంటే ఇరుకులో పనిచేసినా నేను."

నాతోపాటు ఇంకో గన్‌మన్ ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, హెడ్ కానిస్టేబుల్. చిత్తూరు టౌనులో ఇత్తడి సామాన్లు చేసే సాయిబుల కుటుంబం ఆయనది. ఎంతోమంది నాయకుల దగ్గర చేసి తల పండినవాడు. ఆ రోజు సాయంత్రం నా చెవిలో గొణిగాడు. "భాయ్, ఇంతకు ముందోళ్ళు మనల్ని నిలబెట్టినారు. ఈయమ్మ నడిపిస్తాది, సూస్తా ఉండు." అట్లాగే అయింది. ఊరి పొలిమేరలో కారు దిగి ఆమె నడక మొదలుపెట్టేది. ఆయన మోకాళ్ళ నొప్పులకు నూనె రాసుకుంటూ, "నేను పోలీసులో చేరినానా, పాదయాత్రలో చేరినానా?" అనేవాడు.

మా జిల్లా ఎమ్మెల్యేల ఇళ్ళ ముందు పొద్దున్నే కనబడే జనంలో సగంమంది తిరుమల దర్శనానికి సిఫారసు ఉత్తరం కోసం వచ్చినవాళ్ళే. రోడ్డు కావాలనీ నీళ్ళు కావాలనీ అడిగేవాళ్ళు వాళ్ళ వెనక ఎక్కడో నిలబడి ఉంటారు. ఈమె వెనకవాళ్ళను ముందు పిలిచేది. ఉత్తరాలవాళ్ళు సణిగితే, "దేవుడు యాడికీ పోడు. వీళ్ళ బస్సు పోతాది," అనేది. నవ్వి ఊరుకునేవాళ్ళు కొందరు. పగబట్టినవాళ్ళూ ఉన్నారు.

అసెంబ్లీ జరిగేటప్పుడు గన్‌మన్‌లు లోపలికి పోరు. బయట చెట్ల కింద, లేదంటే క్యాంటీన్లో టీవీ ముందు కాలక్షేపం. మొదటి ఏడాది ఆమె సభలో నోరు విప్పలేదు. మిగతా గన్‌మన్‌లు మమ్మల్ని ఆటపట్టించేవాళ్ళు. ఒక రోజు ఆమె లేచి, అడవి ఏనుగులు పొలాల మీద పడుతున్నాయనీ, మనుషులు చచ్చిపోతున్నారనీ, అడవి చుట్టూ కందకం తవ్వించాలనీ అడిగింది. అవతలి వరసలోంచి ఎవరో, ఏనుగులకు కూడా ఓటు హక్కు వచ్చిందా అన్నారు. సభంతా నవ్వింది. మా క్యాంటీన్ కూడా నవ్వింది. ఆమె కూర్చోలేదు. నవ్వు ఆగేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. ఆగాక, కాగితం చూడకుండా, తన నియోజకవర్గంలో ఏనుగుల కింద పడి చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. ఏ ఊరు, ఏం పంట పెట్టాడు, ఎంతమంది పిల్లలు. క్యాంటీన్లో టీ పోసేవాడు గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. మా హెడ్ కానిస్టేబుల్ పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కందకం మంజూరైంది. తవ్వడం మొదలైంది. అడవి అంచు పల్లెలన్నీ దాటుకుంటూ వచ్చి, ఒక ఊరి దగ్గర పెద్ద బండరాయి తగిలి ఆగిపోయింది. మిగతా అంతా పూర్తయింది. ప్రారంభోత్సవం పెట్టారు. నేను ఆమె వెనకే ఉన్నాను. ఆమె ఇంజనీరును పక్కకు పిలిచి, "ఆ బండ సంగతేంది?" అని అడిగింది. త్వరలోనే పేల్చేస్తామని ఆయన చెప్పాడు. ఆమె కొబ్బరికాయ కొట్టింది. మైకులో, ఇంక మీ చేన్లోకి ఏనుగు రాదని చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు.

బండ గురించి ఆ తర్వాత కొన్నిసార్లు ఫోన్లో అడగడం విన్నాను. తర్వాత వానలు పడ్డాయి, టమోటా ధర పడిపోయింది, ఎక్కడో బడి గోడ కూలింది. బండ అట్లాగే ఉండిపోయింది.

రాగులు కంకి వేసే కాలం. పొద్దున్నే ఆమె కాఫీ తాగుతుండగా సి.ఐ. ఫోన్ చేశాడు. బండ పక్కనున్న ఆ ఊళ్ళోనే, తెల్లారే వేళకు చేను చూసుకోవడానికి పోయిన రైతును ఏనుగు తొక్కి చంపింది. ఊరివాళ్ళు శవాన్ని తీయనివ్వడం లేదు. విషయం కనుక్కోవడానికి వచ్చిన ఫారెస్టు రేంజర్ను పాల కేంద్రంలో వేసి తాళం పెట్టారు. ఏనుగుల మంద ఇంకా పక్క మామిడి తోటలోనే ఉంది. ఎందుకంటే ఒక పిల్ల ఏనుగు ఆ రైతు చేన్లోని గట్టులేని బావిలో పడిపోయింది. తల్లి దాన్ని వదిలిపెట్టి పోవడం లేదు.

"మీరు ఇప్పుడు రావద్దు మేడమ్. జనం మీ మీదే మండిపోతా ఉండారు. ఫోర్స్ వచ్చినాక చెప్తాను," అన్నాడు సి.ఐ.

"సావింటికి ఫోర్సుతో పోతారా ఎవురన్నా?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

మా పెద్దాయన కూతురి పెళ్ళికి సెలవులో ఉన్నాడు. నేను ఒక్కడినే. ఊరి ముందర రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి ఉన్నాయి. దిగి నడిచాం. జనం రెండు పక్కలా నిలబడి చూస్తున్నారే గాని ఎవరూ పలకరించలేదు. అంతమంది ఉన్నా చప్పుడు లేకపోవడం ఉంది చూడండి, అరుపుల కంటే అదే భయం. చేను దగ్గరికి వచ్చేసరికి చనిపోయినాయన తమ్ముడు ఎదురొచ్చాడు. ఎత్తు మనిషి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వచ్చినావా? ఫోటో దిగేదానికి వచ్చినావా?" అంటూ ఆమె మీదికి దూసుకొచ్చాడు.

నా చెయ్యి నడుం దగ్గరికి పోయింది. ట్రైనింగ్ అట్లాంటిది, మనం పంపకపోయినా పోతుంది. ఆమె వెనక్కి తిరక్కుండానే, "చెయ్యి దించప్పా," అంది. దించాను. పిస్టల్ కనబడకుండా చొక్కా బయటికి లాక్కున్నాను. అతను ఆమెకు జానెడు దూరంలో ఆగిపోయాడు. ఆమె అతని పక్కనుంచి నడుచుకుంటూ పోయింది.

చేను గట్టున నులక మంచం మీద శవం. పంచె కప్పారు. తల దగ్గర భార్య నేల మీద కూర్చుని ఉంది. ఏడుపు లేదు. ఈమె పోయి ఎదురుగా మట్టిలో కూర్చుంది. చాలాసేపటికి ఆ భార్య తలెత్తింది.

"ఇంక ఏనుగు రాదని మైకులో చెప్పినావు గదమ్మా. నువ్వు చెప్పినావని మా ఆయన మంచె పీకేసినాడు. మంచె ఉంటే పైన పండుకుని ఉండును. కిందికి దిగి ఉండడు."

చుట్టూ ఉన్నవాళ్ళందరూ వింటున్నారు. నాయకులు ఇట్లాంటప్పుడు ఏం చెబుతారో నాకు కంఠతా వచ్చు. విచారణ జరిపిస్తాం, బాధ్యులను వదలం, కుటుంబాన్ని ఆదుకుంటాం. ఇంజనీరు పేరు చెప్పినా సరిపోయేది, జనం ఆయన మీద పడేవాళ్ళు.

"చెప్పినాను," అంది ఆమె. "బండ కాడ కందకం ఆగిపోయిందని నాకు తెలుసు. తెలిసే చెప్పినాను. తప్పు నాది."

నా ఉద్యోగమంతా నాయకుల వెనకే గడిచింది. ఆ మాట బహిరంగంగా, గొంతు తగ్గించకుండా అనడం నేను విన్నది అప్పుడొక్కసారే. చనిపోయినాయన తమ్ముడు అన్న కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు.

అప్పుడు బావిలోంచి పిల్ల ఏనుగు అరిచింది. సన్నగా, బూర ఊదినట్టు. వెంటనే మామిడి తోటలోంచి తల్లి జవాబు. అది అరుపులాగా లేదు, కాళ్ళ కింద నేల గొణిగినట్టుంది. జనం ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. ఎవరో, "సావనీ దాన్ని, రాళ్ళేసి పూడ్చేస్తే పీడ పోతాది," అన్నారు. చాలామంది అవునన్నారు.

ఆమె లేచి నిలబడింది. "రేంజర్ను బయటికి వదలండి. ఆయన బదులు నన్ను పెట్టి తాళం వేసుకోండి. ఏనుగుల సంగతి ఆయప్పకు తెలుసు, నాకు తెలీదు. పిల్ల బయటికి రాకుంటే తల్లి ఈడనుంచి కదలదు. పొద్దుగూకితే ఊర్లోకి వస్తాది. నేను జాలి కోసం అడగడం లేదు. ఇంకొకరు పోకూడదని అడుగుతా ఉండాను."

తమ్ముడు తల ఎత్తలేదు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి ఊడదీసి ఆమె కాళ్ళ ముందర పడేశాడు.

రేంజర్ కుర్రతనం వదలని మనిషి. అది మొదటి పోస్టింగ్. పాల క్యాన్ల మధ్య కూర్చుని కూర్చుని చొక్కా చెమటతో తడిసిపోయింది. బావి చూసి వచ్చి, అడవి వైపు ఒడ్డును ఏటవాలుగా తవ్వితే పిల్ల ఎక్కి నేరుగా తల్లి దగ్గరికి పోతుందన్నాడు. దానికి మట్టి తవ్వే మిషన్ కావాలి. చుట్టుపక్కల అది ఉన్నది ఒక్కరికే, ఆ తమ్ముడికే.

"మా అన్నను చంపినదానికి నేను దారి తవ్వల్నా?" అన్నాడతను. మా ఎమ్మెల్యే అడగలేని మాట అది, అడగలేదు.

మాట్లాడింది ఆ భార్య. మంచం పట్టె మీద తల ఆనించుకునే అంది. "అబ్బోడా, దాని అరుపు నా చెవుల్లో పడతా ఉండాది. ఆయన్ను తల్చుకుని ఏడుద్దామంటే గూడా ఏడ్వనియ్యడం లేదు. ఏదో ఒకటి చేసి దాన్ని ఆపు."

అతను కాసేపు వదినను చూశాడు. తర్వాత లేచి, మొహం తుడుచుకుని, మిషన్ తేవడానికి పోయాడు.

అక్కడినుంచి మా ఎమ్మెల్యే చేసిన పని నేను ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. అంత కోపంతో ఉన్న ఊరిని, ఒక్క కేక వేయకుండా, ఒక్కొక్కరి భుజం తట్టి వెనక్కి పంపింది. "అక్కా, రవంత ఎనక్కి." "నాయనా, ఆ ఫోను జేబులో పెట్టు." "గమ్మునుండండబ్బా, అది బెదురుతాది." కండక్టర్ పని ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. ఊరు ఊరంతా గట్ల మీద కూర్చుని ఊపిరి బిగబట్టింది. మిషన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తమ్ముడు దాన్ని నడిపిన తీరు చూడాలి. ఉయ్యాల తొట్టిలో నిద్రపోతున్న బిడ్డ పక్కన పని చేస్తున్నట్టు, మట్టి పిల్ల మీద రాలకుండా కొంచెం కొంచెంగా తీశాడు.

ఆ చేన్లోంచి కదలనిది ఒక్క ఆ భార్యే. శవాన్ని ఊర్లోకి మారుద్దామంటే ఒప్పుకోలేదు. మంచం బావికి ఇవతలి వైపు ఉంది, ఏనుగు అవతలికి పోతుంది గనుక ప్రమాదం లేదన్నాడు రేంజర్. మా ఎమ్మెల్యే వచ్చి ఆమె పక్కన కూర్చుంది. వాళ్ళ వెనక నేను నిలబడ్డాను.

మధ్యాహ్నం దాటింది. పిల్ల ఒకసారి సగం దాకా ఎక్కి బురదలో జారిపోయింది. గట్ల మీద జనం అందరూ ఒకేసారి "అయ్యో" అన్నారు. పొద్దున రాళ్ళేద్దామన్నవాళ్ళే. రెండోసారి మోకాళ్ళ మీద పాకుతూ పైకొచ్చింది. ఒళ్ళంతా ఎర్రమట్టి. నిలబడి, చెవులు విదిలించుకుని, అటూ ఇటూ చూసి, అడవి వైపు పోకుండా నేరుగా మా వైపు వచ్చింది.

మామిడి తోటలో కొమ్మలు విరిగాయి. తల్లి బయటికొచ్చింది.

"ఎవురూ కదలొద్దు," అన్న రేంజర్ గొంతు ఎక్కడినుంచో వినబడింది. కదిలే శక్తి ఎవరికుంది? నేను సర్కసులో, గుళ్ళో ఏనుగులను చూశాను. అవి వేరు. ఇది వచ్చేటప్పుడు చప్పుడు లేదు. అంత పెద్ద శరీరం, రాగి చేన్లో గాలి నడిచినట్టు వచ్చింది. ఒక చెవి అంచు చిరిగి ఉంది. పచ్చి ఆకు, బురద కలిసిన వాసన. నా నడుముకున్న పిస్టల్ పిల్లలు ఆడుకునే బొమ్మ అని నాకు తెలిసిపోయింది. పిల్ల మంచానికి కొంచెం అవతల ఆగింది. తల్లి దాని పక్కన ఆగి, తొండంతో తల, వీపు, కడుపు అంతా తడిమింది. తర్వాత తలెత్తి మమ్మల్ని చూసింది.

ఆ భార్య లేచి నిలబడింది. భర్త గుండె మీద చెయ్యి పెట్టి, ఏనుగు మొహంలోకి చూసింది. కోపంతో చూసిందో, మరి దేనితో చూసిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఎమ్మెల్యే ఆమెను పట్టి లాగలేదు. తనూ లేచి, ఆమె పక్కన, ఆమెకు ఆనుకుని నిలబడింది. ఎంతసేపో చెప్పలేను. ఏనుగు పెద్దగా ఊపిరి వదిలింది. ఆ వేడి నా మొహానికి తగిలింది. తర్వాత పిల్లను కాళ్ళ మధ్యకు తీసుకుని వెనక్కి తిరిగింది. బండరాయి పక్కనుంచి, కందకం ఆగిన చోటునుంచి, మందలోని ఏనుగులన్నీ ఒకదాని వెనక ఒకటి అడవిలోకి పోయాయి.

ఒక ముసలాయన చేతులు జోడించి ఉన్నాడు. మిగతావాళ్ళు కూడా. మిషన్ మీదనుంచి తమ్ముడు దిగలేదు, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అప్పుడు ఆ భార్య ఏడ్చింది. కొండకు తగిలి తిరిగొచ్చేంతగా ఏడ్చింది. ఈమె ఆమెను ఒళ్ళోకి తీసుకుంది.

మా ఎమ్మెల్యే శవం లేచేదాకా అక్కడే ఉండి, శ్మశానం దాకా నడిచింది. మర్నాడు పొద్దున్నే ఒక గొడుగు తీసుకుని పోయి ఆ బండ మీద కూర్చుంది. ఇంజనీర్లు వచ్చారు, అధికారులు వచ్చారు, పార్టీ పెద్దలు ఫోన్లు చేశారు. మీ ప్రభుత్వం మీద మీరే ధర్నా ఏమిటని కోప్పడ్డారు. "ధర్నా గాదన్నా. నా పని మిగిలిపోయింది, చేయించుకుంటా ఉండాను," అని జవాబు. బండ పేలేదాకా ఆమె పగళ్ళన్నీ అక్కడే గడిచాయి. సెలవునుంచి తిరిగొచ్చిన మా పెద్దాయన ఆ ఎండలో నిలబడి జరిగిందంతా నాతో చెప్పించుకుని విన్నాడు. చివరికి, "నేను లేని రోజే చూసి చేస్తారు భాయ్ ఇట్లాంటివి," అన్నాడు. ఆ కొరత ఆయనకు చివరిదాకా ఉండిపోయింది.

తర్వాతి ఎన్నికల్లో ఆమె ఓడిపోయింది. ఇదంతా విన్న కుర్రాళ్ళు ఇక్కడ నన్ను నమ్మరు. కానీ ఉద్యోగంలో మీరు చాలాసార్లు చూస్తారు ఇట్లాంటివి. పైవాళ్ళకు ఆమె బండ మీద కూర్చోవడం నచ్చలేదు, ఉత్తరాలు దొరకనివాళ్ళు మర్చిపోలేదు.

ఫలితం వచ్చిన సాయంత్రం ఇల్లు ఖాళీ. గెలిచినవాళ్ళ ఊరేగింపు వీధిలో టపాసులు కాల్చుకుంటూ పోతోంది. మర్నాడు నేను హెడ్ క్వార్టర్స్‌లో రిపోర్టు చేయాలి. ఆ చప్పుళ్ళ మధ్య గేటు తీసుకుని ఆ రైతు భార్య వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నీకు ఓటెయ్యలేదమ్మా," అంది. "ఎవురో చెప్తే నీకు తెలిసేదానికంటే నేనే చెప్పి పోదామని వచ్చినా. చెయ్యి రాలేదు నాకు."

"రాదు. నాకైనా రాదు," అంది ఆమె. తర్వాత అడిగింది. "చేన్లోకి మళ్ళా వచ్చినాయా?"

"రాలేదు."

"ఒకటి గూడా?"

"ఒకటి గూడా రాలేదు. కందకం అవతల దాకా వచ్చి, నిలబడి సూసి, ఎనక్కి పోతా ఉండాయి. ఆ చెవి చిరిగింది గూడా వస్తాది. దాని పిల్ల శానా ఎదిగిందిలే. తల్లి కడుపు దాకా వచ్చింది."

మా ఎమ్మెల్యే మొహం అప్పుడు చూశాను నేను, ఎదురుగా నిలబడి. ఆ రోజు జిల్లాలో గెలిచినవాళ్ళ మొహాలు రాత్రి టీవీలో చూపించారు. ఒక్కటీ అట్లా వెలగలేదు.

"అప్పా, నువ్వు గూడా వచ్చి కూర్చో," అని నన్ను పిలిచింది. తర్వాత ఆ రైతు భార్య చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "మొదట్నించి చెప్పు. ఏ పక్కనుంచి వస్తాయి? పిల్ల ముందర నడుస్తాదా, ఎనకా?"